నూకరత్నం గిన్నె

గోడలోకి ఊరే నీటిని కొలిచే ఊటమాపిని ముల్లు పచ్చగీత దాటలేదు. వరహాలమ్మ ఆ మాటే గోడకు చెప్పింది, గోడ నమోదు చేసుకుంది. కడలికట్ట కడుపులో, సముద్రం నెత్తిమీద ఉండగా, ఆమె ఉద్యోగం అదే. ఒక మాపిని దగ్గర్నుంచి మరో మాపిని దాకా నడవాలి, కనబడింది చెప్పాలి. గోడలకు చెవులుంటాయని పెద్దలన్నారు గానీ, ఆ చెవులు "తిన్నావా" అని అడగవని చెప్పలేదు. సొరంగంలో ఒక్కతే కూర్చుని పిండిబిళ్ల తినీ తినీ ఆమెకు మాట్లాడటమే మరుపొచ్చింది.

అందుకే లోగదికి దరఖాస్తు పెట్టింది. కట్ట తలుపులన్నిటినీ నడిపే గది అది. ఆశ జీతం మీద కాదు. అక్కడ పదిమంది ఒకే బల్ల చుట్టూ కూర్చుని అన్నం తింటారని విన్నది, అంతే. అయితే అందులో కాలు పెట్టాలంటే, ఎవరిని ఎక్కడికి రానివ్వాలో తేల్చే యంత్రం, నిర్ణేత, భద్రతానుమతి ఇవ్వాలి. గొడవా గోలా ఎరగని, నోట్లో నాలుక లేని మనిషికి ఇవ్వకేం చేస్తుంది? ఇవ్వలేదు. సొరంగంలో సగం దూరం నడిచేసరికి గోడ చల్లగా చెప్పింది, నిరాకరించామని.

కారణం మాత్రం మనిషే చదివి వినిపించాలి. ఆ ఒక్క చట్టం ఇంకా మిగిలింది. కారణవాచకుడు సన్యాసిరావు తన గదిలో ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. తెర చూసి, ఆమెను చూసి, మళ్లీ తెర చూశాడు. తనకు పరిచయస్తులెవరూ లేరని ఆమె ప్రకటించింది. ఇళ్లు సోదా చేసే గృహశోధినికి మాత్రం ఆమె వంటింట్లో ఒక స్టీలు గిన్నె దొరికింది. దాని అంచున చెక్కిన పేరు ఆమెది కాదు.

"నూకరత్నం ఎవరమ్మా?" అన్నాడు.

వరహాలమ్మకు అంతా గుర్తే. నూకరత్నం పక్క క్వార్టరులో ఉండేది. తనకు జ్వరం వస్తే ఆ గిన్నెలో చేపల పులుసు తెచ్చి, తినేదాకా పక్కనే కూర్చుంది. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. ఇంట్లో పిండిబిళ్లలు తప్ప ఏమున్నాయి పెట్టివ్వడానికి? ఏదైనా మంచిది వండినప్పుడు ఇద్దామనుకుంది. రేపూ మాపూ అంటుండగానే, కంటిపాప నమోదుకు ఒప్పుకోనివాళ్లందర్నీ కట్ట వెలుపలికి పంపేశారు. వాళ్లతో నూకరత్నమూ వెళ్లిపోయింది. ఒక పూట పులుసును పరిచయమని చెప్పుకోవడానికి సిగ్గేసి, దరఖాస్తు అడిగినప్పుడు ఎవరూ లేరనేసింది.

నిర్ణేత దాన్ని దాపరికం అనుకుందని సన్యాసిరావు చెప్పాడు. దారి కూడా తనే చూపించాడు. ఆ గిన్నె ఎవరిదో తెలియదు, ఇంట్లో ముందునుంచే పడి ఉంది అంటే చాలు, గిన్నెను కరిగించేస్తారు, అనుమతి వచ్చేస్తుంది. అందరూ అదే చెబుతారట. తెలుసు అంటే మాత్రం వెలుపలి మనిషితో సంబంధం కింద లెక్క. ఇక జన్మలో లోగది మాట ఎత్తకూడదు.

ఆమెకు ఆ బల్ల కళ్లకు కట్టింది. పదిమంది పక్కన తనూ కూర్చుంటుంది. అన్నం పెట్టిన మనిషి ఎవరో తెలియదన్న నోటితోనే ముద్ద మింగాలి. దిగుతుందా? ఏడుపొచ్చేసింది.

"నాకు తెలుసు బాబూ," అంది. "జొరమొస్తే పులుసు తెచ్చి తినిపించింది. ఆవిడ గిన్ని ఆవిడకి ఇచ్చొస్తాను. ఏటి రాసుకుంటారో రాసుకోండి."

తెర మీద ఆమె దరఖాస్తు ఆరిపోయింది. తర్వాత నిర్ణేత నిబంధనలు తిరగేసింది. ప్రకటించిన వెలుపలి పరిచయస్తుల్ని చూసి వచ్చే హక్కు వాటిలో ఉంది. ఇంతవరకు ఒక్కరూ ప్రకటించలేదు గనక దానితో పని పడలేదు. చివరికి లోగదికి ఆదేశం పోయింది, వెలుపలి తలుపు తెరవమని.

వరహాలమ్మ ఇంటికి వెళ్లి గిన్నె తెచ్చింది. సన్యాసిరావు తన గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. గిన్నెలోకి తొంగిచూశాడు.

"ఖాళీ గిన్ని పట్టుకెళ్తావేటమ్మా?" అని, తన వేరుసెనక్కాయలన్నీ అందులో కుమ్మరించాడు.

గోడ వెంటనే పలికింది. "సన్యాసిరావు గారూ, ఈమె మీకు పరిచయమా?"

అతని ఉద్యోగపు అనుమతి కూడా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంది. అతను ఖాళీ చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"పరిచయమే. రాసుకో," అన్నాడు గోడతో. తర్వాత ఆమె వైపు తిరిగి, తిన్నావా అని అడిగాడు.