కుర్చీలో కూర్చోబెట్టిన డబ్బా

మా ఆయన పని ఇళ్లల్లో సినిమా గదులు అమర్చడం. స్పీకర్లు ఎక్కడ పెట్టాలో చూసి, వైర్లు లాగి, శబ్దం సరిచేసి వస్తారు. ఆరేళ్లుగా నేనూ వెంట వెళుతున్నాను. వైర్లు చుట్టిపెట్టడానికని అందరికీ చెబుతాం. అసలు సంగతి వేరు. ఆరేళ్ల కిందట జ్వరం తగిలి ఆయన ఎడమ చెవి పోయింది. పూర్తిగా. ఆ పక్కన డప్పు కొట్టినా తెలియదు. శబ్దాలు సరిచేసే మనిషికి ఒక చెవి లేదంటే ఎవరు పిలుస్తారు? వంటవాడికి నాలుక చచ్చిందన్నట్టే. అందుకని గుట్టుగా ఉంచాం. ఆయన రెండో చెవి నేనే.

నలుగురిలో నాకు నోరు పెగలదు. మాకు సైగలున్నాయి కాబట్టి సరిపోయింది. ఒక వేలు చూపిస్తే శబ్దం పలచగా ఉన్నట్టు. రెండు వేళ్లయితే కుదిరినట్టు. పిడికిలి బిగిస్తే మోత ఎక్కువైనట్టు.

ఆ ఇల్లు ఒక పళ్ల డాక్టరమ్మది. పొద్దున పదకొండింటికి రమ్మంది. అంతకు ముందే ఇద్దరు మెకానిక్‌లు వచ్చి చూసి, ఏమీ తేలక వెళ్లిపోయారట. సినిమాలో మాటలు ఆగినప్పుడల్లా అడుగున ఏదో పచపచమంటోందని, స్పీకర్ చిరిగి ఉంటుందని ఆవిడ అంది. అంటూనే ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చప్పుడుకి ముక్కెందుకు మూసుకోవడమో నాకు అర్థం కాలేదు.

గదిలోకి వెళ్లాక అర్థమైంది.

కిటికీ లేని గది. గోడలనిండా నల్లటి మెత్తలు. జానెడు మందం తలుపు. మూస్తే లోపలివాళ్లు గొంతు చించుకున్నా బయటికి రాదు. ఆ మాట డాక్టరమ్మ గొప్పగా చెప్పబోయి మధ్యలో ఆగిపోయింది. పట్టపగలు లోపల అమావాస్య. ఆ చీకట్లో విరిగిన పాల వాసన. దాని కింద ఇంకో వాసన... ఎన్నాళ్లుగానో కడగని నోటిది.

మధ్యలో పెద్ద తోలు కుర్చీ ఉంది. తల ఆనించే చోట ఒక పక్క తోలు పాలిపోయి, పొక్కులు లేచి, నాని ఎండిన చర్మంలా ఉంది. కూర్చునే చోట కుట్ల మధ్య ఏదో పిండిలా ఇరుక్కుని గట్టిపడింది. చేత్తో దులపబోతే గోట్లోకి దిగింది. బిస్కెట్టు. చీరకి తుడుచుకున్నాను, ఆ తర్వాత చీర ముట్టుకోవాలంటేనే రోత పుట్టింది.

అది వాళ్ల నాన్న కుర్చీ అని చెప్పిందావిడ. ముసలాయనకి ఒక్క పన్ను లేదు. కట్టుడు పళ్లు పెడితే ఉమ్మేసేవాడు. పాలల్లో ముంచిన బిస్కెట్టు పెడితే మింగేవాడు కాదు. బుగ్గలో దాచుకుని గంటలకొద్దీ నములుతూనే ఉండేవాడు. ఆవిడ వైర్ల పెట్టె వైపు వెళ్లగానే, "పళ్ల డాక్టరు ఇంట్లో బోసినోరు చూడు" అన్నారు మా ఆయన నా చెవిలో. నవ్వొచ్చింది. కానీ ఆవిడ తర్వాత చెప్పింది విన్నాక ఆ నవ్వు మొహమ్మీదే ఎండిపోయింది.

"రోజంతా జనం నోళ్లలోకి చూసొస్తాను. ఇంటికొచ్చాక కూడా అదే చప్పుడంటే నా వల్ల కాలేదు" అంది, మా వైపు చూడకుండా. అందుకని ఆయన్ని ఈ గదిలో కూర్చోబెట్టి, సినిమా పెట్టి, శబ్దం పెంచి, తలుపు మూసేసేది. అలా రెండేళ్లు. చివరిరోజు సినిమా అయిపోయాక వచ్చి తలుపు తీసిందట. "ముద్ద గొంతుకి అడ్డం పడింది... సగం ఇంకా బుగ్గలోనే ఉంది."

బాస్ బాగా పెంచమంది. దాని కింద ఇంకేమీ వినపడకూడదంది.

బాస్ అంటే అడుగున మోగే బరువైన శబ్దం. చిన్న స్పీకర్లు దాన్ని మొయ్యలేవు. ఎనభై హెర్ట్జ్‌కి దిగువనున్న మోతంతా, బాస్ కోసమే ఉండే ఊఫర్ డబ్బాకే ఇచ్చెయ్యమని యాంప్లిఫయర్‌కి చెప్పాలి. చిన్నపిల్లల నెత్తిన మూట తీసి మోయగలవాడి నెత్తిన పెట్టడం లాంటిది. మా ఆయన ఐదు స్పీకర్లనీ 'చిన్నవి' అని నొక్కారు. ఇక డబ్బాకి చోటు వెతకాలి. అది నడుమెత్తు ఉంటుంది. ముందు వైపు పిడికిలి దూరేంత గొట్టం. మోగినప్పుడల్లా ఆ గొట్టంలోంచి గాలి ఊదుతుంది.

చోటు వెతకడానికి ఒక పద్ధతుంది. మనిషి కూర్చునే కుర్చీలో డబ్బాని కూర్చోబెట్టి మోగిస్తారు. నేను గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ, చెవి నేలకి దగ్గరగా పెట్టి వింటాను. ఎక్కడ మోత శుభ్రంగా ఉంటే చివరికి డబ్బాని తెచ్చి అక్కడ పెడతాం. ఇటు నుంచి విన్నా అటు నుంచి విన్నా లెక్క ఒకటేనంటారు ఆయన.

ఇద్దరం పట్టి డబ్బాని ముసలాయన కుర్చీలోకి ఎత్తాం. తోలు నిట్టూర్చింది. గొట్టం నోరు తెరుచుకుని నా వైపు చూస్తోంది.

మోత మొదలైంది. నేను పాకాను. తివాచీ అరచేతులకి జిగురుగా అంటుకుని, చెయ్యి ఎత్తినప్పుడల్లా చిన్న చప్పుడుతో వదులుతోంది. మొదటి మూల, పిడికిలి చూపించాను. రెండో మూల బాగుంది, రెండు వేళ్లు. మూడో గోడ మధ్యకి వెళ్లేసరికి మోత మాయమైంది. ప్రతి గదిలోనూ అలాంటి చోటొకటి ఉంటుంది. గోడల నుంచి తిరిగొచ్చిన మోతలు ఒకదాన్నొకటి మింగేస్తాయక్కడ. అది నాకు కొత్త కాదు.

కానీ అక్కడ ఇంకోటి వినిపించింది.

పచక్... పచక్... పచక్...

తొందర లేదు దానికి. మెత్తగా, తడిగా, చిగుళ్ల మధ్య ఏదో నలుగుతున్నట్టు. ఆపమని అరచెయ్యి అడ్డంగా ఊపాను. ఆయన మోత ఆపేశారు. గది మొత్తం నిశ్శబ్దం.

పచక్... పచక్...

ఆయన డబ్బా వైరు పీకేశారు. వైరు లేని డబ్బా. గొట్టంలోంచి గాలి మాత్రం వస్తూనే ఉంది. వెచ్చగా. పుల్లగా. నా బుగ్గ మీద ఏదో పడింది. తుడుచుకున్నాను. మెత్తటి తెల్లటి ముద్ద... ఎవరి నోట్లోంచో జారినట్టు, తీగలు సాగుతూ. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తలుపు దగ్గర డాక్టరమ్మ గోడకి అతుక్కుపోయి ఉంది. "విన్నారా" అంది, గొంతు లేకుండా.

"లోపల కాస్త కరెంటు మిగిలుంటుందమ్మా. స్పీకర్ అట్ట చిరిగి అదురుతోంది" అన్నారు ఆయన. అని, ఎప్పటిలాగే కుడి చెవి గొట్టానికి పెట్టడానికి వంగారు.

కింద నుంచి నాకు గొట్టం లోపల కనిపిస్తోంది. నల్లగా ఉండాల్సిన చోట ఎర్రగా... తడిగా... కదులుతోంది.

ఆ ఒక్క చెవీ పోతే ఇక మా ఇద్దరికీ ఏముంది? ఇతరుల ముందు ఎన్నడూ పెగలని నోరు పెగిలింది.

"ఏవండీ, కుడిది వద్దు. ఎడమ చెవి పెట్టండి."

ఆయన తల తిప్పి నన్ను చూశారు. డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎందుకు వద్దో ఆవిడ ముందు ఆయన అడగలేరు, నేను చెప్పలేను. ఏమనుకున్నారో ఏమో, మెల్లగా తల తిప్పి, చచ్చిన ఆ ఎడమ చెవిని గొట్టానికి ఆనించారు.

నమలడం ఆగింది.

తర్వాత... ఒక గుటక.

"ఏమీ లేదమ్మా, శుభ్రంగా ఉంది" అన్నారు ఆయన లేస్తూ. అబద్ధం కాదు. ఆయనకేమీ వినపడలేదు. డాక్టరమ్మ గాలి పీల్చి చూసింది. వాసన పోయింది. అప్పుడే మొదటిసారి నవ్విందావిడ. డబ్బాని రెండో మూలకి మార్చాం. బాస్ కుదిరింది. రెండు వేళ్లు చూపించి బయటపడ్డాను. గండం గడిచిందనుకున్నాను.

బండి మీద ఎప్పుడూ ఆయన కుడి భుజం మీదుగానే మాట్లాడతాను. ఆరోజు నేనసలు నోరు తెరవలేదు. సగం దారిలో ఆయనే అడిగారు.

"ఏం నములుతున్నావే?"

ఏమీ లేదన్నాను.

"మరి ఎడమ పక్క నుంచి..." అని చటుక్కున బండి ఆపేశారు. దిగి నిలబడ్డారు. కళ్లనిండా నీళ్లు. "వినిపిస్తోందే! ఆరేళ్లకి వినిపిస్తోంది!" రోడ్డు పక్కన చిన్నపిల్లాడిలా నవ్వుతూ ఎడమ చెవి దగ్గర చప్పట్లు కొట్టుకున్నారు. చప్పట్లు వినపడలేదు. హారన్ వినపడలేదు. నమలడం ఒక్కటే వినిపిస్తోంది. మొదట ఇదొస్తే మిగతావి వాటంతటవే వస్తాయని సంబరపడ్డారు. ఆ చెవి పెట్టమన్నది నేను. ఏ మొహంతో చెప్పను?

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే తడి గుడ్డతో ఆయన ఎడమ చెవి తుడుస్తున్నాను. గుడ్డకి తెల్లటి ముద్ద అంటుకుంటుంది. నమిలి నమిలి వదిలేసిన ముద్ద. విరిగిన పాల కంపు. చెవిలో పొర ఊడుతోంది, మంచిదే అంటారాయన. గుడ్డలు కాల్చేస్తున్నాను. ఆ చేత్తోనే అన్నం తినాలంటే ముద్ద గొంతు దిగడం లేదు.

పడుకునేటప్పుడు ఆయన కుడి చెవిని దిండుకి ఆనించుకుంటారు. మొదటి నుంచీ అంతే. మంచి చెవి మూసుకుంటే ఏ చప్పుడూ నిద్ర చెడగొట్టదని.

ఈ పొద్దున ఎడమ చెవి పొడిగా ఉంది. గుడ్డకేమీ అంటలేదు. రెండుసార్లు తుడిచి చూశాను. పీడ వదిలిందని చేతులు జోడించబోయాను.

వాసన మాత్రం పోలేదు.

ఆయన తల కాస్త పైకెత్తాను. కుడి చెవి కింద దిండు తడిసి, తెల్లగా, జిగురుగా... చెవి లోపల పచక్... పచక్...

"ఏవండీ" అన్నాను మెల్లగా, ఆ చెవిలోకే.

ఆయన కదల్లేదు. నమలడం మాత్రం ఆగింది.