రెండో డిస్కు రాని రోజు

"ముఠాలో ఉన్న మన మనిషి వాసిం గుట్టు బయటపడింది. వాడికింకా తెలీదు. వాడున్న పడవ కొత్తపట్నం చేరగానే ముఠావాళ్లు చంపేస్తారు," అన్నాడు చీఫ్. "సముద్రంలోకి దూకమని మెసేజ్ ఇవ్వాలి. దాని కోడ్ చిలకలూరిపేట కంప్యూటర్లో, లోపలి రెండో డిస్కులో ఉంది. అదేమో ఒకరోజు ఓపెన్ అవుతుంది, ఒకరోజు అవ్వదు. వెళ్లి చూడు."

ఏజెంట్ ఎలీషాకు ఒళ్లు మండింది. విదేశీ ముఠాలను మట్టికరిపించినవాడికి కంప్యూటర్ రిపేరా? ఛీ!

మిర్చి కమీషన్ ఏజెంట్ వేషంలో కోల్డ్ స్టోరేజ్ ఆఫీసుకు చేరాడు. ఘాటుకు ముక్కు కారుతోంది.

"తేజ రకం ఎలా ఉందండీ?"

"తాలుకాయలు ఎక్కువండీ," అన్నాడు మేనేజర్ సంజీవరావు. రహస్య సంకేతం కలిసింది. ఆయనా డిపార్ట్‌మెంట్ మనిషే.

కంప్యూటర్ దగ్గర నజ్మీన్ ఉంది. డిపార్ట్‌మెంట్ ఇంజినీర్. మిరప ఘాటులో కూడా ఖరీదైన సెంటు!

"డిస్క్ డెడ్ సార్. విప్పి హైదరాబాద్ తీసుకెళ్తా," అంటూ స్క్రూడ్రైవర్ తీసింది.

ఎలీషా కంప్యూటర్ మూత తీసి డిస్కు మీద చెయ్యి వేశాడు. సన్నగా అదురుతోంది. చచ్చింది ఇలా తిరుగుతుందా?

స్పీకర్లో క్రీస్తు పాట మోగుతోంది.

"ఏంటండీ ఇది?"

"పొద్దున్నే పాటల పెన్‌డ్రైవ్ పెట్టాకే మిషను ఆన్ చేస్తానండీ," అన్నాడు సంజీవరావు. " దేవుడి పాట లేనిదే పని ముట్టను. ఈ అమ్మాయే క్రిస్మస్‌కి ఇచ్చింది. మొన్న ఇంట్లో మర్చిపోయా. ఆ రోజు డిస్కు బానే వచ్చిందండోయ్!"

ఎలీషా సెట్టింగ్స్ ఫైల్ తెరిచాడు. ఏ వెధవ రాశాడో, డిస్కును దాని సొంత నంబరుతో కాకుండా వరుసతో పిలిచాడు. పెన్‌డ్రైవ్ ముందే ఉంటే అదే రెండోదవుతుంది, అసలుది మూడో చోటికి జరుగుతుంది. నజ్మీన్‌కు ఇది తెలుసు. ముఠాకు అమ్ముడుపోయి, తెలిసే ఇచ్చింది. ముసలాయన భక్తిని కూడా వాడుకుంది, తూ!

పెన్‌డ్రైవ్ పీకి రీస్టార్ట్ కొట్టాడు. నజ్మీన్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది.

"కీబోర్డ్ మీంచి చేతులు తియ్!"

సంజీవరావు శాంపిల్ మిరపకాయల గోతాన్ని ఫ్యాన్ కింద దులిపాడు. నజ్మీన్ తుమ్ముల్లో పిస్టల్ జారింది. ఎలీషా దాన్ని కాలితో తన్నేశాడు.

డిస్కు ఓపెన్ అయింది. వాసిం పడవకు ఒడ్డు కనిపిస్తుండగా మెసేజ్ వెళ్లింది. ఎంతకీ జవాబు రాలేదు.

చివరికి ఆఫీసు రేడియోలో వాసిం గొంతు గరగరలాడింది. "దూకేశానన్నా. జాలర్లు పైకి లాగారు. వాళ్ల రేడియోలోంచే మాట్లాడుతున్నా."

ఎలీషా డిస్కు సొంత నంబరును ఫైల్లో రాసి, చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"శభాష్! ఆ సెట్టింగ్ రాసిన దరిద్రుడెవడో చెప్పు, ఇప్పుడే సస్పెండ్ చేస్తా."

"ఫైల్ మొదటి లైన్లోనే పేరుంది సార్. మీదే."