పద్నాలుగో కొక్కెం

ఉదయం ఎనిమిదిన్నరకే తలుపు తట్టిన ఆ అమ్మాయి, కూర్చోమన్నా కూర్చోలేదు. కిటికీ పక్కన నిలబడి చేతిలోని కాగితాన్ని మడుస్తూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ ఉండిపోయింది. వయసు ఇరవై ఆరుకు మించదు. కళ్ళు చూస్తే మాత్రం నాలుగు రోజులుగా నిద్ర లేనట్టు తెలిసిపోతోంది.

"తప్పు నాదేనని సాయంత్రం నాలుగింటికల్లా దీని మీద సంతకం పెట్టాలి మేడమ్," అంది. "పెడితే ఉద్యోగం పోతుంది. పెట్టకపోతే పోలీసు కేసు పెడతామంటున్నారు."

డిటెక్టివ్ కాగితం అందుకుని చదివింది. ఆమె వెనక నుంచి బావగారూ చదివారు. ఆయన డిటెక్టివ్‌కి అక్క భర్త, రిటైరైన లెక్కల మాస్టారు, ఈ ఆఫీసుకి ఏకైక అసిస్టెంటు. మరదలి తెలివి చూసి మురిసిపోవడానికే ఆయన రిటైరయ్యారని ఇంట్లో భార్య దెప్పుతుంది. అందులో పెద్దగా అబద్ధం లేదు.

అమ్మాయి చెప్పిన సంగతి ఇది. ఊరి చివరనున్న ప్రభుత్వ ఇంధన పరిశోధనశాలలో ఆమె టెక్నీషియన్. అక్కడే ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్న సొంత బాబాయే ఆమెకు ఈ పని నేర్పాడు. పెద్ద పెద్ద బ్యాటరీలను పరీక్షించే గది ఒకటుంది. దాని కరెంటు స్విచ్ బయట వరండాలో ఉంటుంది, పైకెత్తితే లోపలికి కరెంటు వెళ్తుంది. లోపల పని జరుగుతున్నప్పుడు స్విచ్ ఎత్తడానికి వీల్లేకుండా, పనికి బాధ్యులైన టెక్నీషియన్ తన తాళం దానికి వేసి, తాళంచెవి జేబులో ఉంచుకోవాలి. మంగళవారం ఆ తాళం ఈమెది. పది దాటాక, తాళం అలాగే ఉంచి, రబ్బరు చేతి తొడుగుల కోసం స్టోర్స్‌కి వెళ్ళింది. బాబాయి లోపలే ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి స్విచ్ ఎత్తి ఉంది, తాళం లేదు, తలుపు సందుల్లోంచి పొగ వస్తోంది. తలుపు తీసి ఆయన్ని బయటికి లాగింది. చేతులు కాలి, పొగ పీల్చి, ఆయన ఆ రోజు నుంచీ స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉన్నాడు.

తాళం మాత్రం పక్క భవనంలో, టెక్నీషియన్లు తాళాలు పెట్టుకునే బోర్డు మీద, ఆమె నంబరు కొక్కేనికి తగిలించి కనిపించింది. బాబాయి బయటికొచ్చాడనుకుని ఆమే తాళం తీసి స్విచ్ ఎత్తిందని విచారణ కమిటీ తేల్చేసింది.

"ఉద్యోగం పోతే పోయింది మేడమ్. మా పిన్ని నా మొహం చూడట్లేదు. నిన్న ఆసుపత్రికెళ్తే, నన్ను చూసి అటు తిరిగి కూర్చుంది. నేను తియ్యలేదని ఎవరు చెప్తే నమ్ముతుంది?"

డిటెక్టివ్ కాగితాన్ని బల్ల మీద పెట్టింది. విచారణకు వెళ్ళే ఉద్యోగి తన తరఫున మాట్లాడే మనిషిని తెచ్చుకోవచ్చని అందులో చివర చిన్న అక్షరాల్లో ఉంది. "ఆ మనిషిని నేనే. బావగారూ, పుస్తకం తీసుకోండి."

పరిశోధనశాలలో ప్రతి తలుపూ కార్డు చూపిస్తే గానీ తెరుచుకోదు, దాటగానే వెనకే మూసుకుంటుంది. మూడో తలుపు దాటేసరికి బావగారికి ఊపిరాడనట్టయింది. సస్పెండైన అమ్మాయి దగ్గర కార్డు లేదు. ఏడేళ్ళు పనిచేసిన చోట, ప్రతి తలుపు దగ్గరా ఎవరో వచ్చి తీసేదాకా అపరాధిలా నిలబడాల్సి వచ్చింది.

విచారణ కమిటీకి అధ్యక్షుడు ఉపసంచాలకుడే. నెమ్మదైన మనిషి, మర్యాదస్తుడు. ఆయన గది గోడ నిండా ఒకే ఒక్క పటం. పైన సంచాలకుడి గడి, దాని కింద ఆయనది, ఆ కింద సౌరశక్తి, గాలి, బ్యాటరీ విభాగాలు, పక్కన భద్రత, స్టోర్స్, సాంకేతిక సేవలు.

"నేనే గీశాను," అన్నారు మురిపెంగా. "మనిషికో గడి, గడికో అంకె. టెక్నీషియన్లంతా సాంకేతిక సేవల కిందికి వస్తారు. ఏ ప్రాజెక్టుకి కావాలంటే దానికి అరువిస్తాం. ఈ అమ్మాయిది పద్నాలుగు. కొక్కెం కూడా పద్నాలుగే. తాళం ఉండాల్సిన చోటే ఉంది. ఇంకెవరైనా తీస్తే అక్కడెందుకు పెడతారు చెప్పండి?"

సాంకేతిక సేవల అధిపతి ఎవరని డిటెక్టివ్ అడిగింది. ఆ పోస్టు రెండేళ్ళుగా ఖాళీ అట, అదీ తానే చూస్తున్నానని ఆయన చెప్పారు. అంటే అమ్మాయికి పై అధికారీ ఆయనే, తప్పు పట్టిందీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే. బావగారు ఈ మూడూ పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసుకుని, తల గోక్కున్నారు.

బ్యాటరీ ప్రాజెక్టు అధిపతి నలభై ఏళ్ళ శాస్త్రవేత్త. మాట కటువు. తన గది తగలబడిందన్న కోపం ఇంకా చల్లారలేదు. ఆ అమ్మాయి మంచి పనిమంతురాలే గానీ తన మనిషి కాదని, అరువు మనిషి గురించి తాను రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేనని చేతులు దులుపుకుంది. మూడు నెలలు పని చేయించుకున్నవాళ్ళు తన మనిషి కాదంటారు, తన మనిషన్న వాళ్ళు మూడు నెలల్లో ఒక్కసారి మొహం చూడలేదు. అమ్మాయి ఆ మాటలు వింటూ తల దించుకుని నిలబడింది. చూస్తున్న బావగారికి చిర్రెత్తుకొచ్చింది.

మిగిలినవాడు భద్రతాధికారి. చాదస్తపు మనిషి, ప్రతిదానికీ ఓ మెమో రాస్తాడు. తాళాలకు మారు చెవులు తన గదిలోని అద్దాల పెట్టెలో ఉంటాయని, మంగళవారం ఎవరూ తీసుకున్నట్టు రిజిస్టర్లో లేదని చూపించాడు. ఆ గది తలుపు ఎవరు తీయగలరంటే, తానూ, ప్రాజెక్టు మేడమూ, ఉపసంచాలకుడూ అన్నాడు. పది గంటలకు తాను టీకి వెళ్ళిన మాట కాస్త ఆలస్యంగా, కాస్త సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

పరీక్ష గది గోడలు మసిబారి ఉన్నాయి. తలుపు మందపాటి ఇనుము. మంట బయటికి పాకకుండా కరెంటు రాగానే దానంతటదే బిగుసుకుంటుంది. లోపలి వైపు పిడి లేదు, బయటి నుంచే తీయాలి.

"బావగారూ, లోపలికెళ్ళి తలుపు కొట్టండి," అంది డిటెక్టివ్.

"నన్నే దొరికానా అమ్మా నీకు?" అంటూనే ఆయన వెళ్ళారు. తలుపు మూశారు. స్విచ్ దగ్గర నిలబడిన డిటెక్టివ్‌కి ఆ దెబ్బలు పక్కింటి తలుపు కొట్టినంత స్పష్టంగా వినపడ్డాయి. తలుపు తీసేసరికి బావగారు చెమటతో తడిసిపోయి ఉన్నారు. అర నిమిషం కూడా కాలేదు. ఆయన నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

తర్వాత గడియారం చూసుకుంటూ పక్క భవనంలోని కొక్కేల బోర్డు దాకా నడిచారు. నాలుగు నిమిషాలు. బోర్డు మీద ముప్ఫై కొక్కేలు. పద్నాలుగో దానికి రెండు తాళాలు వేలాడుతున్నాయి. విచారణ కోసం చీటీ అంటించినది అమ్మాయిది. రెండోది ఎవరిదని అడిగితే, కొత్తగా చేరిన వెల్డర్‌దని, కొక్కేలు చాలక అతను రెండు నెలలుగా ఇక్కడే తగిలిస్తున్నాడని అక్కడి వాళ్ళు చెప్పారు.

బయటికి వస్తూ, మంగళవారం ఏ తలుపుకి ఎవరి కార్డు పెట్టారో ఆ లెక్క చూపించమని డిటెక్టివ్ కాపలా ఆఫీసులో అడిగింది. విచారణ నడుస్తున్నప్పుడు కమిటీ అధ్యక్షుడి అనుమతి లేకుండా కుదరదన్నారు. ఆయన్ని అడిగితే, అవసరం లేదన్నారు, ఎంతో మర్యాదగా.

"అన్ని దారులూ ఆయన గదిలోకే పోతున్నాయేంటమ్మా?" అని బావగారు వాపోయారు.

"ఒక్కటి పోవట్లేదు. నాలుగింటికి సంచాలకుడు వస్తున్నారు."

నాలుగు గంటలకు పొడవాటి బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. ఆ మధ్యాహ్నమే పర్యటన నుంచి వచ్చిన సంచాలకుడు మధ్యలో, మిగతా ముగ్గురు అధికారులు పక్కన. అమ్మాయి ముందు కాగితం, కలం సిద్ధంగా పెట్టారు. ఆమె వాటి వంక చూడకుండా తన చేతులు చూసుకుంటోంది.

డిటెక్టివ్ ముగ్గురికీ తలో చీటీ ఇచ్చింది. మంగళవారానికి ముందు మూడు నెలలూ, పని అయ్యాక ఈ అమ్మాయి తన తాళం ఎక్కడ తగిలించేదో రాయమంది. ఉపసంచాలకుడు అందరికంటే ముందు రాసి ఇచ్చేశారు. సంచాలకుడు చీటీలు తీసుకుని పైకి చదివారు.

ప్రాజెక్టు మేడమ్ రాసింది: స్విచ్ పక్కన గోడకు కొట్టిన మేకు. అది కొట్టినందుకు నేనే చీవాట్లు పెట్టాను. భద్రతాధికారి రాసింది: పరీక్ష గది పక్కన అనుమతి లేని మేకు. తొలగించమని రెండు మెమోలు ఇచ్చాను. ఉపసంచాలకుడు రాసింది: పద్నాలుగో కొక్కెం.

సంచాలకుడు మూడో చీటీని మళ్ళీ చూశారు.

"అరువుకి వచ్చినవాళ్ళు తాళం కోసం రోజూ పక్క భవనానికి తిరగలేరండీ," అని డిటెక్టివ్ మొదలుపెట్టింది. "అందుకే మేకు కొట్టుకుంది. ఇక్కడ పనిచేసే ప్రతివాళ్ళకీ ఆ సంగతి తెలుసు. ఖాళీ అయిన కొక్కేన్ని వెల్డర్ వాడుకుంటున్నాడనీ తెలుసు. తాళం తీసింది ఈ అమ్మాయే అయితే, పక్కనున్న మేకు వదిలేసి, నాలుగు నిమిషాలు నడిచివెళ్ళి, ఇంకొకరి తాళం మీద తన తాళం తగిలిస్తుందా? ఈ అమ్మాయిని పటంలో తప్ప ఎన్నడూ చూడనివాళ్ళే ఆ పని చేస్తారు."

స్విచ్ ఎత్తింది పది ఇరవై రెండుకని, తలుపు తెరుచుకున్నది పది ముప్ఫై ఒకటికని యంత్రంలో నమోదై ఉంది. వెళ్ళడానికి నాలుగు నిమిషాలు, రావడానికి నాలుగు, అందుకే అమ్మాయి మీద లెక్క సరిపోయిందని కమిటీ రాసుకుంది. డిటెక్టివ్ ఆ సంగతీ ఎత్తింది.

"తాళం చేతిలోకి వస్తే గానీ స్విచ్ ఎత్తలేరు. ఎత్తగానే లోపల మంట లేచింది, మనిషి తలుపు బాదాడు. తాళం పట్టుకున్నవాళ్ళకి అది వినపడింది. నేనక్కడ నిలబడి విన్నాను. వినపడ్డాకే ఆ తాళం పక్క భవనానికి వెళ్ళింది. లోపల బాదుతున్నది సొంత బాబాయి అయితే, ఏ ఆడపిల్లా ముందు తాళం తగిలించి రాదండీ. ఆ తొమ్మిది నిమిషాలూ స్టోర్స్‌లో తొడుగుల కోసం నిలబడ్డానన్న ఈ అమ్మాయి మాటే నిజం."

ఆమె సంచాలకుడి వైపు తిరిగింది. "మంగళవారం కార్డుల లెక్క చూడనివ్వలేదు. మీరు అడిగితే కాదనేవాళ్ళు లేరు."

సంచాలకుడు ఫోన్ వైపు చేయి చాపారు. ఉపసంచాలకుడు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అక్కర్లేదు సార్," అన్నారు. పదకొండు గంటలకు తనిఖీ బృందం వస్తోంది. పరీక్ష నడుస్తూ కనిపించాలి. పని పదింటికల్లా అయిపోతుందని ఆ రోజు పని పత్రంలో రాసి ఉంది. గదిలో ఎవరూ లేరు, తాళం మరిచిపోయారనుకుని మారు చెవి తెచ్చి తీశారు. ఇదంతా ఆయన గోడ మీది పటం చదివినట్టు, ఒకే గొంతుతో చెప్పారు.

అప్పుడు అమ్మాయి తలెత్తింది. ఆ గదిలో ఆమె మాట్లాడడం అదే మొదటిసారి.

"తలుపు చప్పుడు వినపడలేదా సార్?"

ఆయన బల్ల మీది కళ్ళద్దాలు అందుకున్నారు. "వినపడింది," అన్నారు. "తీస్తే అక్కడున్నది నేనేనని తెలిసిపోతుంది కదా."

ప్రాజెక్టు మేడమ్ మొహం పక్కకు తిప్పుకుంది. బావగారి కలం ఆగిపోయింది. అంతవరకూ ఆయన ఒక్క ముక్క వదలకుండా రాస్తున్నారు, ఆ మాట మాత్రం రాయడానికి ఆయనకు చేయి రాలేదు. సంచాలకుడు పోలీసులకు ఫోన్ చేశారు. తర్వాత అమ్మాయితో, సస్పెన్షన్ రద్దయిందని, రేపటి నుంచి పనిలోకి రావచ్చని చెప్పబోయారు. ఆమె అప్పటికే లేచి తలుపు దగ్గర నిలబడి ఉంది, ఎవరైనా కార్డు పెట్టి తీస్తారని. భద్రతాధికారి గబగబా వెళ్ళి తీశాడు.

ఆసుపత్రికి ముగ్గురూ కలిసే వెళ్ళారు. పిన్ని వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉంది. అమ్మాయిని చూసి మళ్ళీ అటు తిరగబోయింది. డిటెక్టివ్ ఆమె పక్కన కూర్చుని, జరిగిందంతా నెమ్మదిగా చెప్పింది. తొమ్మిది నిమిషాల సంగతీ దాచలేదు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. అమ్మాయి మూడు గజాల దూరంలో గోడకు ఆనుకుని నిలబడింది, పిలిచేదాకా దగ్గరికి రాకూడదన్నట్టు.

నర్సు వచ్చి, ఆయన కళ్ళు తెరిచాడని, ఒక్కరిని మాత్రమే లోపలికి పంపుతానని చెప్పింది. పిన్ని లేచింది. రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి అమ్మాయి చేయి పట్టుకుని వార్డు తలుపు దాకా నడిపించుకెళ్ళింది.

"నువ్వెళ్ళవే," అంది. "తలుపు తీసిందెవరో ఆయనకింకా తెలీదు. వెళ్ళి చెప్పు."