పన్నెండు వోల్టులు

ఆదివారం. ఉదయం 11:52.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మూడంతస్తుల బిల్డింగ్. రెండో అంతస్తులో ఎడమవైపు గది. తలుపుకు లోపలి నుంచి గడియ వేసి ఉంటే ఫైర్ సిబ్బంది గడ్డపారతో పెకలించారు. పొగ ఇంకా గదిని వదల్లేదు.

మంచం మీద ఒక అమ్మాయి. ఒంటి మీద ఎక్కడా కాలిన గాయం లేదు. ముక్కు కింద మాత్రం నల్లటి మసి.

ఎస్సై వసుమతి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి నడిచింది.

"పేరు అలేఖ్య మేడమ్. ఇరవై ఆరేండ్లు. కొరియర్ కంపెనీల నైట్ డ్యూటీ. పొద్దున వచ్చి పండుకుంది. నిద్రలనే పొగ మింగినట్టుంది," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ బిచ్చయ్య.

"మంట ఎక్కడ మొదలైంది?"

"గీడ మేడమ్."

టేబుల్ కింద రేకు డబ్బా. కంప్యూటర్ క్యాబినెట్. దాని అడుగుభాగం మాడి ముద్దయింది. ఆనుకుని ఉన్న ఫోమ్ కుర్చీలో ఇనప చట్రం తప్ప ఏమీ మిగల్లేదు. పొగంతా ఆ ఫోమ్‌దే.

ఎదురు పోర్షన్ గడప మీద ఒక అమ్మాయి మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుంది. పేరు హాసిని. ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేసింది ఆమే.

"పొగ ఎప్పుడు చూసినవ్?" వసుమతి అడిగింది.

"పదకొండు ఇరవై అయితది మేడమ్. నిద్ర లేసి తలుపు తీస్తే వాసన. ఎంత కొట్టినా లేవలే."

"నీకు ఆమె ఎన్ని రోజులసంది తెలుసు?"

"రెండేండ్లు. ఇద్దరం ఒక్కటే గేమ్ ఆడ్తం. బెంగళూరు టీమ్ ఒకటి ఇద్దరు అమ్మాయిల్ని తీస్కుంటుంది, జీతం మీద. నా ట్రయల్ నిన్న అయింది. తనది రేపు."

"నువ్వు సెలెక్ట్ అయినవా?"

"ఔ మేడమ్." ఆ మాట చాలా మెల్లగా వచ్చింది.

"కంప్యూటర్ ఎందుకు కాలింది?"

"ఓవర్‌క్లాక్ చేసింది మేడమ్. అంటే కంపెనీ పెట్టిన స్పీడ్ కన్నా ఎక్కువ స్పీడ్‌ల నడిపించుడు. చవక ప్రాసెసర్‌తోని పెద్ద పని చేయించుడు. వేడైతది."

ఒంటిగంటకు అలేఖ్య అన్నయ్య సాయిచైతన్య హిమాయత్‌నగర్ నుంచి వచ్చాడు. బ్యాంకు ఉద్యోగి. చెల్లెలి ముఖం చూసి గోడకేసి తిరిగాడు.

"ఆటలొద్దని మొత్తుకున్నామండీ. వినకుండా ఇల్లు వదిలి ఈ గదిలో చేరింది. ఐదు నెలలైంది మాటల్లేక. ఆ దిక్కుమాలిన డబ్బాను వేడెక్కించి తన చావు తనే తెచ్చుకుంది."

కిందికి దిగాక టీవీ మైకుల ముందు కూడా అదే మాట అన్నాడు.

*

సోమవారం. ఉదయం 10:40. అబిడ్స్.

దుకాణం మూడు మీటర్ల వెడల్పు. ఒకప్పుడు టైప్‌రైటర్లు బాగుచేసిన చోటు. ఇప్పుడు కప్పు దాకా కంప్యూటర్ పార్టుల డబ్బాలు. ఓనర్ విజయేందర్‌కు యాభై ఏడేళ్లు. నోరు దురుసు.

"గా పిల్ల ఆరుసార్లు వచ్చింది మేడమ్. ఒక్క కంప్యూటర్‌కు ఆరుసార్లు! నా బుర్ర తిన్నది."

ఫైల్లోంచి ఆరు కొటేషన్ కాగితాలు తీశాడు. వసుమతి వరసగా పేర్చుకుని చూసింది.

మొదటిదాంట్లో అద్దాల క్యాబినెట్, రంగు లైట్లు. రెండోదాంట్లో లైట్లు కొట్టేసింది. మూడోదాంట్లో అద్దాల క్యాబినెట్ పోయి రేకు డబ్బా వచ్చింది. తర్వాత మానిటర్ సెకండ్‌హ్యాండ్ అయింది. గ్రాఫిక్స్ కార్డ్ పాత మోడల్‌కు దిగింది. మదర్‌బోర్డును మాత్రం ముట్టుకోలేదు. అంతకన్నా చవకది ఓవర్‌క్లాక్‌కు పనికిరాదట. మొత్తం డబ్బాకు కరెంటు అందించే పవర్ సప్లై మాత్రం ఆరు కాగితాల్లోనూ అదే మోడల్. ఒక్క కొట్టివేత లేదు.

"పవర్ సప్లై జర తక్కువది తీస్కో అని నేనే చెప్పిన. వినలే. 'అంకుల్, దీనితోని రెండింతల పని చేయించుకుంట. అన్నమన్న మంచిది పెట్టాలె గదా' అన్నది."

"బిగించింది మీరేనా?"

"కాదు. సీల్ విప్పకుండ తీస్కపోయింది. వారంటీ కోసం సీరియల్ నంబర్ బిల్లు మీద రాసిన. సూడుండ్రి."

పన్నెండున్నరకు ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి ఫోన్. మంట పుట్టింది పవర్ సప్లైలోనే. కాని అది బిల్లులో రాసిన కంపెనీది కాదు. పేరూ ఊరూ లేని లోకల్ మాల్.

ఐదు నిమిషాల్లో సీఐ ఫోన్. "డబ్బాలో నకిలీ సరుకు పెట్టి అమ్మాడన్నమాట. తీసుకొచ్చెయ్ వసుమతీ."

"నేను గసొంటి పని చెయ్యలే మేడమ్," అన్నాడు విజయేందర్. దురుసుతనం దిగిపోయింది. "నలభై ఏండ్ల దుకాణం."

జీపు ఎక్కించేటప్పుడు చుట్టుపక్కల దుకాణాల వాళ్లందరూ బయటికొచ్చి చూశారు. సాయంత్రానికి అతని షట్టర్ మీద ఎవరో రాళ్లు వేశారు.

*

మంగళవారం. ఉదయం 11:00.

అలేఖ్య లాకర్ ఖాళీ చేయించమని కొరియర్ ఆఫీసు వాళ్లు కబురు పంపారు. వెళ్లాల్సింది సాయిచైతన్య. అతను రానన్నాడు. వసుమతే వెళ్లింది.

లాకర్లో ఒక స్వెట్టర్, దువ్వెన, రెండు వందల పేజీల నోట్‌బుక్.

నోట్‌బుక్ నిండా అంకెలు. తేదీ, టైమ్, స్పీడ్, వేడి. చివరి గడి మీద 'పన్నెండు వోల్టులు' అని రాసి ఉంది. డ్యూటీకి వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఆ చివరి గడిలో ఇరవై రెండు రోజులు ఒకే అంకె. 12.08. ఎప్పుడో ఒకసారి 12.07.

శుక్రవారం రాత్రి 8:15. 12.08.

శనివారం ఉదయం 7:40. 11.21.

చివరి పేజీలో అంకెలు లేవు. శనివారం రాత్రి డ్యూటీలో రాసుకున్న మూడు వాక్యాలున్నాయి. వసుమతి వాటిని నిలబడే చదివింది. నోట్‌బుక్ మూసి నేరుగా స్టేషన్‌కు వచ్చింది. లాకప్ తాళం తీయించి విజయేందర్ పక్కనే బల్ల మీద కూర్చుంది.

"ఈ 12.08 అంటే ఏంది? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

అతను కళ్లద్దాలు తుడుచుకున్నాడు. పేజీలు తిప్పాడు.

"పవర్ సప్లై లోపలికి పన్నెండు వోల్టులు పంపాలె మేడమ్. ఎంత పని పడ్డా గా అంకె కదలొద్దు. మంచి మాల్ కదలదు. గిది నేను ఇచ్చిందే! ఇరవై రెండు దినాలు గింత సీదా నిలబడ్డది. లోకల్ మాల్ రెండో దినమే ఊగుతది."

"అదే పాడై వోల్టేజ్ పడిపోవచ్చు గదా?"

"పడొచ్చు. పడితే కాలినదాని మీద బిల్లుల రాసిన కంపెనీ పేరుండాలె. మీ ల్యాబోళ్లు లోకల్ మాల్ అన్నరు గద. శుక్కురారం రాత్రి ఎవరో మార్చిన్రు మేడమ్."

"మార్చితే ఆమెకు కనబడదా?"

"రేకు క్యాబినెట్ల పవర్ సప్లై అడుగున ఉంటది. మీద మూత. అద్దం లేదు. విప్పితే తప్ప కనబడదు."

"శుక్రవారం రాత్రి నువ్వెక్కడున్నవ్?"

"కరీంనగర్ల. మా బావమరిది బిడ్డ పెండ్లి. మూడొందల మంది చూసిన్రు."

వసుమతి లేచింది. "నీ స్క్రూడ్రైవర్ తెప్పించుకో. ఒక డబ్బా విప్పేదుంది."

*

మంగళవారం. సాయంత్రం 4:30.

హాసిని గది చిన్నది. అందులో ఐదుగురు నిలబడ్డారు. హాసిని, సాయిచైతన్య, విజయేందర్, బిచ్చయ్య, వసుమతి. కిటికీ కింద హాసిని కంప్యూటర్. పక్కన సగం సర్దిన సూట్‌కేస్.

"బెంగళూరు ఎప్పుడు?" వసుమతి అడిగింది.

"ఎల్లుండి మేడమ్."

"అలేఖ్య గది తాళంచెవి రెండోది ఎవరి దగ్గరుంటది?"

"నా దగ్గరనే. నల్లా నీళ్లు వచ్చే దినం బకెట్లు నింపేదాన్ని, తను డ్యూటీల ఉంటే."

"శుక్రవారం రాత్రి నల్లా వచ్చిందా?"

హాసిని సూట్‌కేస్ మూత దించింది.

"రాలే. ఇంటి ఓనర్‌ను అడిగిన. మరి పది గంటలకు ఆ గదిల లైట్ ఎందుకు వెలిగింది? కింది పోర్షన్ వాళ్లు చూసిన్రు."

"నాకు తెల్వదు."

"శనివారం సాయంత్రం 6:12కు అలేఖ్య నీకు ఫోన్ చేసింది. నాలుగు నిమిషాలు. ఏం మాట్లాడింది?"

"గుర్తు లేదు మేడమ్. ట్రయల్ గురించేమో."

వసుమతి నోట్‌బుక్ తెరిచింది.

"అందరూ మంట వైపే చూసినం. నేనూ గంతే. ఓవర్‌క్లాక్ అన్నరు, నకిలీ అన్నరు. ఆ పిల్ల రోజుకు రెండుసార్లు రాసుకున్న లెక్క ఒకటుందని ఎవ్వరికీ తెల్వదు. ఏ రాత్రి పవర్ సప్లై మారిందో ఇందుల ఉంది. వోల్టేజ్ పడిపోయిందని ఆమె ఆ పొద్దుననే పట్టుకుంది. అనుమానం వచ్చి ఎవరిని అడిగిందో కూడా రాసింది." చివరి పేజీ చదివింది. "'విప్పి చూస్తానంటే హాసిని వద్దంది. రీడింగ్ తప్పు చూపిస్తుందంట. రేపు పొద్దున డ్యూటీ నుంచి రాగానే స్ట్రెస్ టెస్ట్ పెట్టి, ఫుల్ లోడ్ మీద నడవనిచ్చి పడుకుంటా.'"

సాయిచైతన్య తల ఎత్తి హాసిని వైపు చూశాడు.

"విజయేందర్, విప్పు."

నాలుగు స్క్రూలు. పక్క రేకు ఊడింది. విజయేందర్ మోకాళ్ల మీద కూర్చుని, మూత తీసి, టార్చ్ వేసి పవర్ సప్లై మీది నంబరు చదివాడు. బిచ్చయ్య అలేఖ్య బిల్లు మీద వేలు పెట్టి ఒక్కో అంకె సరిచూశాడు.

"అదే నంబర్ మేడమ్," అన్నాడు బిచ్చయ్య.

హాసిని మంచం అంచున కూలబడింది.

"నా పవర్ సప్లై లోడ్ పడితే బంద్ అయితుండె మేడమ్. శనివారం ఒంటిగంటకు ట్రయల్. మధ్యల ఆగిపోతే అయిపోతుండె నా కథ. ఒక్క దినానికి తనది తీసిన. నా పాతది దాంట్ల పెట్టిన. దాంట్ల గూడ ఆగిపోతదనే అనుకున్న. కాలుతదనుకోలే."

"అడిగితే ఇచ్చేది కాదా?"

"ఇచ్చేది." ఆమె ఏడుస్తోంది. "ఎప్పుడూ నేనే అడుగుతుంటి మేడమ్. హెడ్‌ఫోన్ అడిగిన, మౌస్ అడిగిన. మళ్ల అడగబుద్ధి కాలే."

"ట్రయల్ శనివారం మధ్యాహ్నం అయిపోయింది. ఆమె రాత్రి డ్యూటీకి పోయింది. తాళంచెవి నీ దగ్గరుంది. అప్పుడెందుకు మార్చలే?"

హాసిని చేత్తో కళ్లు తుడుచుకుంది.

"సెలెక్ట్ అయినా అని ఫ్రెండ్స్ బయటికి తీస్కపోయిన్రు. వచ్చేసరికి రెండైంది. ఆదివారం రాత్రి పెడ్తా అనుకున్న."

"మరి ఫోన్ల విప్పొద్దని ఎందుకన్నవ్?"

"విప్పితే దొరికిపోత గదా."

"ఈయన నిన్న రాత్రంతా లాకప్‌ల పండుకున్నడు. అప్పుడన్నా చెప్పొచ్చు గదా?"

విజయేందర్ మూత తిరిగి బిగించబోయాడు. సాక్ష్యమని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "గిది చేసే ముందు నా దుకాణంకు రాకపోయినవా బిడ్డా," అన్నాడు. "డెమో పీస్ ఉండె. ఊకెనే ఇస్తుంటి రెండు దినాలకు."

హాసిని చేతుల్లో ముఖం దాచుకుంది.

*

రాత్రి కాకముందే కాగితాలు పూర్తయ్యాయి. నిర్లక్ష్యం వల్ల మరణం. బెయిల్ దొరికే సెక్షన్. విప్పొద్దన్న ఆ నాలుగు నిమిషాలకు ఇంకేదైనా సెక్షన్ వస్తుందేమోనని వసుమతి పుస్తకం తిరగేసింది. అంతకు మించి నిలబడదన్నాడు సీఐ. హాసిని తండ్రి వరంగల్ నుంచి వకీలును వెంటబెట్టుకుని బయల్దేరాడని ఫోన్ వచ్చింది.

విజయేందర్‌ను వదిలేశారు. నకిలీ మాల్ అని అరిచిన టీవీలో అతన్ని వదిలేసిన వార్త రాలేదు.

సాయిచైతన్య బల్ల ముందు కూర్చున్నాడు. అతను అందినట్టు సంతకం పెట్టాల్సిన కేసు రిపోర్టు ముందుంది.

"మేడమ్ గారూ, ఒక్క మాట. ఈ గేమ్ గొడవా, స్నేహితురాలూ, ఇవన్నీ పైకి రాకుండా చూడగలరా? బంధువులకు షార్ట్ సర్క్యూట్ అని చెప్పాం. అలా ఉండిపోతే చాలు."

"మీరు టీవీల ఇంకో మాట చెప్పిన్రు. తన చావు తనే తెచ్చుకుందన్నరు."

అతను తల దించుకున్నాడు. "ఆ బాధలో ఏదో వచ్చేసిందండి."

"దాన్ని వెనక్కి తీస్కుంటరా? అదే టీవీల?"

అతను కిటికీ వైపు చూశాడు. పెన్ను అడిగాడు. చదవకుండానే సంతకం పెట్టి, లేచి వెళ్లిపోయాడు. నోట్‌బుక్ కేసు అయ్యాక తీసుకోవచ్చని వసుమతి వెనక నుంచి చెప్పింది. అతను ఆగలేదు.

వసుమతి కాగితం తన వైపు తిప్పుకుంది. కింద దర్యాప్తు అధికారి రాయడానికి వదిలిన రెండు అంగుళాల ఖాళీ ఉంది. కోర్టులో ఎవరూ అడగని మాట. సీఐ చూస్తే ఎందుకు రాశావంటాడు.

రాసింది.

'కంప్యూటర్ భాగాల ఎంపికలో గాని, అమరికలో గాని, వాడకంలో గాని మృతురాలి తప్పు ఏమీ లేదు.'