కిందికి రానా?

ఆ ఆఫీసు నేలమాళిగలో ప్రింటర్ల గది ఉంది చూశారూ, దాని పేరెత్తితే వాచ్‌మన్ మీసాలు కూడా వణికేవట. ఆ గుమ్మం ముందు నుంచి పోవాల్సొస్తే ఏనుగైనా చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తాల్సిందే. అబద్ధమైతే నాకు మిగిలిన రెండు పళ్ళూ ఊడిపోవాలి.

అక్కడ పనిచేసే ఆపరేటరమ్మ, చిన్న వయసే, జ్వరమొచ్చి చూస్తూండగానే పోయింది. పెద్ద ప్రింటర్ని ఆపేసి గదికి తాళం వేశారు. అప్పట్నుంచీ రోజూ చీకటి పడే వేళకి, లోపల ఎవరూ లేకుండానే, కంప్యూటరు దీపం ఒక్కసారి మిణుక్కుమనేదట... ఎవరో కన్ను గీటినట్టు.

ఆ ఉద్యోగం మా మనవరాలికి వచ్చింది. బొద్దింకని చూస్తే వీధంతా లేచేలా అరిచే పిల్ల. అయినా ఉద్యోగం కావాలిగా.

"అచ్చు కోసం వరసకట్టి క్యూలో మిగిలినవన్నీ తుడిచెయ్యమ్మా. రేపట్నుంచి ఆ ప్రింటర్ నడవాలి" అన్నాడు పైఅధికారి. తను మాత్రం మెట్ల దగ్గరే ఆగిపోయాడు, మహానుభావుడు.

తాళం తీసేసరికి పొద్దుగూకింది. పిల్ల నల్లటి తెర ముందు కూర్చుని, క్యూ చూపించే కమాండు కొట్టింది.

తెర నిండిపోయింది.

ప్రింటర్ని ఆపారు గానీ క్యూని మూయడం ఎవరికీ తోచలేదు. రెండిటికీ వేర్వేరు కమాండ్లట. అచ్చు పడదు, వచ్చేవి మాత్రం వస్తూనే ఉంటాయి. వాటిలో వరసగా, ఒకే పేరుతో, కొండవీటి చాంతాడంత —

కిందికి రానా?

కిందికి రానా?

కిందికి రానా?

పంపిందెవరో తెలీదు, ఏవో రెండు పొడి అక్షరాలు. చూస్తూండగానే దీపం మిణుక్కుమంది... అడుగున ఇంకొకటి వచ్చి పడింది.

కిందికి రానా?

అన్నీ తుడిచే ధైర్యం చాల్లేదు. ఆ కొత్తదాన్ని మాత్రం క్యాన్సిల్ చేసింది.

ఆపైన... ఎక్కడో పై అంతస్తులో కుర్చీ పడిన చప్పుడు. మెట్ల మీద అడుగులు. దిగుతున్నాయి. పరిగెత్తుతున్నాయి. గుమ్మం దాకా —

తలుపు తోసుకుని వచ్చాడొక మనిషి. కాళ్ళకి చెప్పుల్లేవు. ముఖం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

"వచ్చేశానే..."

పిల్లని చూశాడు. ఆ వెలుగు ఆరిపోయింది.

గోడ పట్టుకుని అలాగే కిందకి జారి కూర్చున్నాడు. ఆపరేటరమ్మ మొగుడు, పై అంతస్తు గుమాస్తా.

"ఇక్కడ ఫోను పలకదమ్మా" అన్నాడు. "పని అవగానే ఈ ప్రింటర్‌కే పంపేవాణ్ణి. కాగితం దండగని, అచ్చవక ముందే తను క్యాన్సిల్ చేసేది. పైన నా తెర మీద, క్యూలోంచి పోయిందంటే... రమ్మని. ఇద్దరం కలిసి ఇంటికెళ్ళేవాళ్ళం."

"ఇప్పుడు... ఎందుకు పంపుతున్నారు, అన్నయ్యా?"

"పంపకుండా ఇంటికెలా వెళ్ళను? పంపి కాసేపు చూస్తాను. పోదు. అప్పుడు వెళ్తాను." తెర వంక చూశాడు. "ఇవాళ పోయింది."

మా పిల్ల ఏడ్చేసింది. "నేనే కొట్టాను. తెలీక కొట్టాను."

"తెలుసమ్మా" అన్నాడాయన. "మెట్లు దిగుతున్నంతసేపే తెలీలేదు."