రాజేశ్వరరావు దొర ఇంజను కొట్టం

ముడిమ్యాల నుంచి మొయినాబాద్ పోయే బండ్ల బాట పక్కన రాజేశ్వరరావు దొర ఇంజను కొట్టం ఉండేది. పొద్దు గూకినంక ఆ దిక్కు మనిషి కాదు కదా, నక్క కూడా పోయేది కాదు. తెలియక పోయిన నక్క ఒకటి మూడు నెలలు కూత మరిచి తిరిగిందని చేవెళ్ల అంగట్ల చెప్పుకునేటోళ్లు.

ఎందుకంటే — ఆ కొట్టంలో ఇంజను తనంతట తానే లేచేది.

ఇంజను అంటే ఏందో జనానికి తెలియక కాదు. శంకర్‌పల్లి బియ్యం మిల్లుల ఉన్నది గద! దాన్ని లేపాలంటే ముందు మంటతో దాని నెత్తి కాల్చాలె. తర్వాత ఇద్దరు మొగోళ్లు చక్రం పట్టి, తాతముత్తాతలను తలుచుకుంటూ తిప్పాలె. అట్లాంటిది… తాళం వేసిన కొట్టంలో, నరమానవుడు లేకుండ, నడిజామున… దుగ్… దుగ్… దుగ్‌దుగ్‌దుగ్… దయ్యం కాక ఎవరు తిప్పుతరు?

కొట్టానికి ముప్పై బారల దూరంలో దొర మేడ బంగ్లా. దొర కాపురం హైదరాబాదుకు మార్చి ఏడాదయింది. రెంటికీ కావలి భిక్షపతి.

భిక్షపతి అంటే అల్లాటప్పా మనిషి కాదు. జన్వాడలో పొగరెక్కిన దున్నపోతును కొమ్ములు పట్టి పండుకోబెడితే, అది మరునాడు వెతుక్కుంటూ వచ్చి దండం పెట్టిపోయింది. ఒకసారి గండిపేట దిక్కు చిరుతపులి ఎదురైతే, “ఏం పని నీకు?” అని అడిగిండు. పాపం, దానికి జవాబు తోచలేదు. తోక ముడుచుకొని పోయింది.

కాని ఇంజను దుగ్గుమన్నదంటే — అంతటి భిక్షపతీ చెప్పులు ఒక దిక్కు, దుప్పటి ఒక దిక్కు విడిచి, కోసు దూరంలో ఉన్న తన గుడిసెలో తేలేవాడు. నడుమ బాట ఎట్ల దాటిండో ఆయన కాళ్లకే తెలియదు.

ఇక్కడే చిక్కొచ్చి పడ్డది. ఎప్పుడు చుట్టాలతో దిగాల్సొస్తదో ఏమో అని దొర ఇంజను టాంకు నిండ నూనె పోయించి పోయేవాడు. మళ్లీ వచ్చి చూస్తే సగం ఉండేది.

“నూనె ఏడికి పోయిందిరా?”

“దయ్యం ఇంజను నడుపుతున్నది దొరా…”

“దయ్యం కాదు, నువ్వే అమ్ముకుంటున్నవ్. ఇంకొక్క రాత్రి బంగ్లా విడిచి కదిలినవో — కొలువు లేదు, గుడిసె లేదు. పోలీసు పటేలుకు అప్పజెప్త.”

పెండ్లాం సుక్కమ్మ బువ్వ మూట చేతికిచ్చి ఒక్కటే మాట అన్నది. “దయ్యమైతే ఒక్కపారే సంపుతది. దొరైతే దినాం సంపుతడు. పోయి ఆడ్నే పండు.”

ఆ రాత్రి అమాస. భిక్షపతి బంగ్లా ముందు మంచం వేసుకొని, తలపాగ విప్పి, కుడికాలు మంచం కోడుకు కట్టేసుకున్నడు. తన మీద తనకు అంత నమ్మకం!

మొదటి జాము గడిచింది. రెండో జాము… గాలి ఆగింది. కీచురాళ్లు ఆగినయి…

దుగ్.

దుగ్… దుగ్…

కండ్లు తెరిచేసరికి బంగ్లా పైగది కిటికీలో దీపం. ముందు నిప్పుకణికె తీరు ఎర్రగ… తర్వాత పసుపుపచ్చగ… తర్వాత పగలు తీరు తెల్లగ!

అంతే. కాలుతో పాటు మంచమూ లేచింది. మంచంతో పాటు భిక్షపతి ఎంత దూరం ఉరికిండో గాని, ప్రహరీ దర్వాజ కాడ మంచం అడ్డం పడి ఇరుక్కున్నది. సరిగ్గ అప్పుడే, ఎదురుంగ రెండు కండ్లు భగ్గుమన్నయి.

దొర కారు. నూనె దొంగను దొంగతనం చేస్తుండంగనే పట్టుకుందామని చెప్పా పెట్టకుండ వచ్చిండు. కారు బందు చేసి, దీపాలు ఆర్పకుండ దిగిండు.

“ఏందిరా ఇది?”

“కా… కావలి కాస్తున్న దొరా.”

దొర ఇంజను చప్పుడు విన్నడు, మంచం చూసిండు, కడుపు పట్టుకొని నవ్విండు.

“పిచ్చోడా! ఇది మిల్లు ఇంజను అనుకున్నవా? బొంబాయిల మూడు దినాలు తిరిగి ఏరి తెచ్చిన. ఇంట్ల దీపాలెన్ని, పంకాలెన్ని, రేడియోకెంత — అంత కూడి, దానికి జర ఎక్కువ బలమున్నదే కొన్న. చిన్నదైతే అన్నీ ఒక్కసారి వేస్తే కూలబడ్తది. మరీ పెద్దదైతే ఉత్తగ నూనె తాగుతది. పొగ విషమని ఇంటికి దూరంగ కొట్టం కట్టించిన.”

“మరి… తిప్పేదెవరు దొరా?”

“గదే దీని కమాల్! ఇంట్ల ఏ గదిలనన్న మీట వేస్తే, బ్యాటరీల కరెంటు డైనమోను తిప్పుతది. డైనమో ఇంజనును లేపుతది. లేచినంక ఉల్టా — ఇంజనే డైనమోను తిప్పి కరెంటు పుట్టిస్తది. ఆఖరు దీపం ఆర్పితే దానంతట అదే పండుకుంటది. దయ్యం లేదు, గియ్యం లేదు. ఇంట్ల మనిషి మీట వేయాలె, గంతే!”

భిక్షపతికి పానం లేచొచ్చింది. ఇన్ని దినాలు మీటకా భయపడ్డది! సిగ్గుతో తనూ నవ్వబోయిండు… పైగది దిక్కు చూసి ఆగిండు.

“దొరా…”

“ఏంది?”

“ఇంట్ల… మనిషెవరు?”

దొర నవ్వు ఆపి బంగ్లా తలుపు కాడికి ఉరికిండు.

తలుపుకు తాళం ఉన్నట్టే ఉన్నది. తాళం మీద సాలెగూడు కూడా చెదరలేదు. కిటికీలకు ఇనుప ఊచలు. ఉన్న ఒక్క తాళంచెవీ దొర పిడికిట్ల ఉన్నది.

టక్.

పైన దీపం ఆరింది. కొట్టంలో ఇంజను ఒక్క నిట్టూర్పు విడిచి… దుగ్… దుగ్… పండుకున్నది.

దొర వెనుకడుగు వేసుకుంటనే కారు కాడికి వచ్చిండు. “కారెక్కు.”

“బంగ్లా విడిచి కదిలితే కొలువు పోతది గద దొరా?”

“మెల్లగ మాట్లాడరా… నీ కొలువుకు ఫికర్ లేదు. గుడిసె నీదే. ఎక్కురా నాయినా!”

భిక్షపతి కాలు విప్పుకొని ఎక్కి కూసున్నడు. దొర కారు లేపే మీట మీద వేలు పెట్టిండు. ఏమనుకున్నడో… నిప్పు తగిలినట్టు వెనక్కు తీసుకున్నడు. సీటు కింది నుంచి ఇనుప హ్యాండిల్ తీసి భిక్షపతి చేతుల పెట్టిండు.

“తనంతట తానే లేచేటివి నాకొద్దురా… దిగి, చేత్తో తిప్పు.”