ఆరో కొక్కెం

ఆ రోజు పొద్దుటినుంచీ మబ్బు నేలదాకా దిగి కూర్చుంది. మబ్బు ఉంటే విమానం లేవదు. విమానం లేవకపోతే దూకేవాళ్ళకి పని ఉండదు. అందరూ షెడ్డులో నడుం వాల్చి, పాత దూకుళ్ళ గురించి గొప్పలు చెప్పుకుంటున్నారు. ఒక్క మడతల మాస్టారికి మాత్రం తీరిక లేదు.

ఆయన పని పారాచూట్లు మడవడం. మొదట తెరిచే అసలు పారాచూట్ ఎవరిది వాళ్ళే మడుచుకుంటారు. అది తెరుచుకోకపోతే ఆదుకోవడానికి వీపు మీద రెండోది ఒకటి ఉంటుంది. దాన్ని మాత్రం ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోకూడదు. ఆర్నెల్లకోసారి మాస్టారు విప్పి, చూసి, మళ్ళీ మడిచి, ఎర్రదారం కట్టి, సీసం బిళ్ళ నొక్కి, చీటీ మీద సంతకం పెట్టాలి. "మొదటిది మోసం చేస్తే ఇక దేవుడూ నేనే, డాక్టరూ నేనే" అని ఒకప్పుడు నవ్వుతూ అనేవాడు. ఏడాదిగా ఆ మాట అనడం మానేశాడు.

బల్లకి ఎదురుగా గోడమీద ఒక చెక్క ఉంది. చెక్కకి ఆరు కొక్కేలు, కొక్కేనికో ఇనప క్లిప్పు. వేలెడంత ఉంటుంది, పిడికి ఎర్రరంగు. మడత జారకుండా గుడ్డకి ఈ క్లిప్పులు పెట్టి, చివర్లో ఒక్కొక్కటే తీసేయాలి. తీసినవి ఆరూ గోడమీదికి చేరాలి. ఒక్కటి లోపల ఉండిపోయినా సరే, అవసరం పడ్డప్పుడు ఆ గుడ్డ విచ్చుకోదు. అందుకే పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా మాస్టారి మొదటి పాఠం ఇదే: "లెక్క తేలందే సీలు పడదు."

ఇవాళ బల్లమీద ఉన్నది కూతురి ప్యాక్, పారాచూట్ మడిచి పెట్టే వీపు సంచి. పిల్లకి ఇరవై రెండేళ్ళు. రెండొందల దూకుళ్ళు పూర్తయ్యాయి కాబట్టి ఇవాళ మొదటిసారి రెక్కల సూటు, చేతులకీ ఒంటికీ మధ్య గుడ్డ రెక్కలు కుట్టినది, వేసుకుంటుంది. ఆ పిచ్చి దానికి మేనమామ నుంచి అంటుకుంది. సామాను ఎంచుకునే దగ్గర తండ్రీకూతుళ్ళకి నెలరోజులు రగడ జరిగింది. అది చిన్న గుడ్డ కావాలంది, చిన్నదైతే చురుగ్గా తిరుగుతుందట. చిన్న గుడ్డకి ముక్కుమీద కోపం, రెక్కల సూటులో నీ చేతులే నీ మాట వినవు, అది మెలితిరిగితే ఏం చేస్తావని మాస్టారు వాదించాడు. చివరికి పెద్దదే తీసుకుంది. తీసుకుంటూ, "భయపడకు నాన్నా, మామయ్యలా చివరిదాకా లాగకుండా ఉండనులే" అంది. మాస్టారు మొహం తిప్పుకున్నాడు.

ఎందుకు తిప్పుకోడు మరి?

పోయినేడు చచ్చిపోయింది ఆయన బావమరిది, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. అసలు పారాచూట్ మెలిపడితే దాన్ని వదిలించుకుని రెండోది లాగాడు. లాగాల్సిన ఎత్తులోనే లాగాడు. రెండోది బయటికి వచ్చింది గానీ, పిండి ఆరేయడం మర్చిపోయిన దుప్పటిలా ఉండకట్టి అలాగే ఉండిపోయింది. అందరికన్నా ముందు అతని దగ్గరికి పరుగెత్తినవాడు మాస్టారే. గుడ్డ మడతలో ఎర్రపిడి కనిపించింది. అది మడిచిన రోజు ఎవరో భోజనానికి పిలిస్తే, లెక్క చూడకుండా సీలు నొక్కి లేచి వెళ్ళాడు. మూడు నిమిషాల బద్ధకం! క్లిప్పుని బలంగా లాగితే దాని పన్ను ఒకటి వంగింది. జేబులో వేసుకున్నాడు. అప్పటికి బావమరిది కళ్ళు ఇంకా తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళు జేబు వైపే చూశాయి. "బావా..." అన్నాడు. ఆ తర్వాత ఇంకేం అనలేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పాపం ఇతనికి ఆ భాగ్యం కూడా దక్కలేదు. చివరిదాకా లాగకుండా గొప్పకి పోయాడని విచారణకి వచ్చినవాళ్ళకి మాస్టారే చెప్పాడు. ఆ సాయంత్రమే క్లిప్పుని రన్‌వే వెనక రాళ్ళు తవ్విన నీటిగుంటలోకి విసిరేశాడు. కొత్తది కొని ఆరో కొక్కేనికి తగిలించాడు. ఏడాదిగా భార్య తమ్ముణ్ణి తలుచుకున్నప్పుడల్లా, "వాడికంత పొగరేమిటండీ, నన్ను కూడా తలుచుకోలేదా" అని తిట్టి ఏడుస్తుంది. ఈ పెద్దమనిషి ఆవిడ వీపు నిమిరి ఓదారుస్తాడు.

సరే, ఇవాళ్టి సంగతికి వద్దాం.

పొద్దున గది తలుపు తీసినప్పటినుంచీ ఏదో వాసన. కదలని నీటి అడుగున ఉండే బురద వాసన. ముసురు కదా అనుకున్నాడు. మడతలు పెడుతుంటే వెనకనుంచి ఉండుండి టప్పుమని ఒక చుక్క పడుతోంది. కప్పు కారుతోందేమోనని తలెత్తి చూశాడు. కప్పు పొడిగా ఉంది. మళ్ళీ పనిలో పడ్డాడు. కూతురి ప్యాక్ కదా, ప్రతి తాడూ రెండుసార్లు చూశాడు. క్లిప్పులు తీసి తగిలించాడు. వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఆరు. ఎందుకైనా మంచిదని మళ్ళీ లెక్కపెట్టాడు. ఆరే. ఎర్రదారం కట్టి సీలు నొక్కాడు.

మూడింటికి మబ్బు విడిపోయింది. కూతురు వచ్చి ప్యాక్ వీపుకి తగిలించుకుని, తండ్రి బుగ్గ గిల్లి వెళ్ళిపోయింది. కాసేపట్లో విమానం లేచిన చప్పుడు వినిపించింది.

మాస్టారు బల్ల తుడుచుకుంటున్నాడు.

టప్.

ఈసారి చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది. గోడ దగ్గర, చెక్క కింద, నేలమీద చిన్న మడుగు. దాంట్లోకి ఇంకో చుక్క పడింది. ఆయన మెల్లగా తలెత్తాడు...

ఆరో కొక్కేనికి వేలాడుతున్న క్లిప్పు తడిగా ఉంది. పిడికి రంగు పెచ్చులూడింది. పళ్ళ మధ్య పచ్చటి నాచు. ఒక పన్ను వంగి ఉంది.

ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మిగతావి చూశాడు. అయిదు. తనవే. కొత్తగా కొన్నది... లేదు. బల్ల కింద లేదు. సొరుగులో లేదు. జేబుల్లో లేదు.

లెక్క తేలింది. తేలింది గనకే సీలు పడింది. కానీ గోడమీద ఉన్న ఆరో క్లిప్పు తనది కాదు. మరి తనది ఎక్కడుంది?

అది ఎక్కడుందో ఆయనకి తెలుసు.

ఆఫీసు గదికి పరుగెత్తాడు. భార్య అక్కడే ఉంటుంది. పైకి వెళ్ళేవాళ్ళ పేర్లు రాసుకుని, రేడియోలో పైలట్‌తో మాట్లాడేది ఆవిడే. ఆ మాటలు బయట స్పీకర్లో మైదానమంతా వినిపిస్తాయి. పదమూడు వేల అడుగుల దగ్గర దూకుతారు.

"ఎంత ఎత్తుకి వెళ్ళారు?"

"నాలుగు వేలు. ఏమైందండీ, అలా ఉన్నారేం?"

చెప్పేయాల్సింది. రెండో ప్యాక్‌లో క్లిప్పు ఉండిపోయింది, దింపెయ్యండి అంటే ఒక్క ముక్కలో పోయేది. కానీ ఒకసారి ఆ మాట నోరు జారితే, పోయినేటి సంగతి ఎవరికి తట్టదు? తేలు కుట్టిన దొంగకి అరిచే వీలుంటుందా? మాస్టారు గుమ్మంలోనే నిలబడ్డాడు. అయిదు వేలు. ఆరు. ఏడు... మైకు అందుకుని గాలి ఎక్కువైంది, వెనక్కి రమ్మన్నాడు. గాలి బాగానే ఉంది మాస్టారూ అని పైలట్ నవ్వాడు. వెనకనుంచి కూతురు కూడా నవ్వింది. తొమ్మిది వేలు.

అప్పటికి కన్నపేగు కదిలింది.

"అమ్మాయి రెండో ప్యాక్‌లో క్లిప్పు ఉండిపోయింది. దూకనివ్వకండి."

గరగర తప్ప బదులు లేదు. తర్వాత పైలట్ గొంతు. "వినబళ్ళేదు మాస్టారూ. మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాడు. అరిచి చెప్పాడు. వినబళ్ళేదన్నాడు పైలట్. భార్య మైకు లాక్కుని, నా మాట వినబడుతోందా అంది. మీది శుభ్రంగా వినబడుతోంది అన్నాడు. ఆవిడ క్లిప్పు మాట ఎత్తగానే మళ్ళీ అదే గరగర. పదకొండు వేలు.

ఆ గరగర సన్నబడింది... సన్నబడి... మాటైంది. చెవి దగ్గర పెదాలు పెట్టి అన్నట్టు.

"ఎవరి ప్యాక్‌లో... బావా?"

భార్య చేతిలోంచి మైకు జారిపోయింది. ఆ గొంతు ఆవిడ ఎత్తుకుని పెంచిన తమ్ముడి గొంతు. పన్నెండు వేలు. తలుపు తీస్తున్నాం అన్నాడు పైలట్. గాలి హోరు వినిపించింది.

మాస్టారు మోకాళ్ళ మీద పడి మైకు అందుకున్నాడు.

"నీ ప్యాక్‌లోరా. నీ ప్యాక్‌లో క్లిప్పు మర్చిపోయాను. నువ్వు ఆలస్యం చెయ్యలేదు. నేనే చంపాను. అబద్ధం చెప్పాను. నా పిల్లని వదిలెయ్యరా..."

బయట స్పీకర్లో ప్రతి అక్షరం ఖణేల్‌మంది. మైదానంలో అందరూ ఆఫీసు గది వైపు తిరిగారు. "విన్నాం. తలుపు మూసేశాం. దిగుతున్నాం" అన్నాడు పైలట్.

విమానం దిగాక కూతురు మడతల గదికి నడుచుకుంటూ వచ్చి ప్యాక్‌ని బల్లమీద పెట్టింది. అందరూ చూస్తుండగా తనే ఎర్రదారం తెంపింది. మడత మడతా విప్పింది. క్లిప్పు లేదు. కానీ గుడ్డ నడిమధ్య, మడతలన్నీ కలిసే చోట, పళ్ళు కరిచిన గుర్తు ఉంది. గట్టిగా, లోతుగా. దాని చుట్టూ గుడ్డ ఇంకా తడిగా ఉంది.

పిల్ల ఆ గుర్తు మీద వేలు పెట్టింది. "నాలుగు వేల దగ్గర వచ్చావటగా నాన్నా. అమ్మ చెప్పింది. తొమ్మిది వేలదాకా ఏం ఆలోచించావు?" అంది.

ఏం చెప్తాడు? పిల్లనీ పరువునీ తూకం వేశానని చెప్తాడా? కూతురు సూటు విప్పి అక్కడే పడేసి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి వెనకే ఒక్కొక్కరూ బయటికి వెళ్ళిపోయారు. గోడమీద ఇప్పుడు అయిదే క్లిప్పులు. ఆరో కొక్కెం ఖాళీ. కింద మడుగు మాత్రం అలాగే ఉంది.

గదిలో భార్యాభర్తలు మిగిలారు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. మూలనున్న ఇనప బీరువా తెరిచింది. విచారణ అయ్యాక తిరిగొచ్చిన తమ్ముడి ప్యాక్ అందులోనే ఉంది. కోసిన పట్టీలు, రక్తం మరకలు, మూటగట్టిన గుడ్డ... ఆ మూట కట్టి పెట్టింది మాస్టారే.

ఆవిడ బయటికి తీసింది మూట కాదు. చక్కగా మడిచి మూసిన ప్యాక్. పట్టీలు అతికి ఉన్నాయి. ఎర్రదారం కొత్తది. సీసం బిళ్ళ మీద మడిచినవాడి గుర్తేమీ లేదు. పైన చీటీ. ఇవాళ్టి తేదీ. సంతకం ఉండాల్సిన చోట బావమరిది సంతకం, సిరా ఇంకా ఆరలేదు. ఎవరి కోసం అనే చోట ఒకే మాట ఉంది. 'బావకి.'

బయట విమానం ఇంజను ఇంకా ఆపలేదు.

ఆవిడ రెండు పట్టీలూ విడదీసి పట్టుకుంది, చంటిపిల్లాడికి చొక్కా తొడగబోయినట్టు. ఇరవై అయిదేళ్ళ కాపురంలో ఆవిడ మొగుణ్ణి 'ఏమండీ' అనే పిలిచింది.

"రా, బావా" అంది. "వేసుకో."

ప్యాక్ లోపల ఎక్కడో... టప్‌మని ఒక చుక్క పడింది.